అరకు, పాడేరు కాఫీ కొండలకు ప్రయాణం: తేదీ నిర్ణయించుకోవడం నుంచి ఘాట్ దిగేదాకా

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లి వచ్చిన వారిని కాఫీ తోటలు చూశారా అని అడిగితే చూశామనే చెబుతారు. ఏం చూశారని మరో మాట అడిగితే, సుంకరమెట్ట దగ్గర కారు ఆపి చెక్క వంతెన మీద ఫొటోలు దిగామనీ, రోడ్డు పక్క కొట్టులో కాఫీ తాగి పొడి పొట్లం కొనుక్కున్నామనీ అంటారు. చెట్టుకు అప్పుడు పూత ఉందా, కాయ ఉందా అంటే గుర్తుండదు. ఇందులో వారి తప్పు లేదు. అరకు ప్రయాణాన్ని మనం సెలవులను బట్టీ, చూడవలసిన స్థలాల జాబితాను బట్టీ వేసుకుంటాం. కాఫీ చెట్టుకు మన సెలవులతో పని లేదు. అందుకే ఈ మార్గదర్శిలో వరుసను తిరగేశాను. ముందు చెట్టు ఏ నెలలో ఏ దశలో ఉంటుందో చూసి తేదీ పెట్టుకోవాలి, తరువాత తోట చూపించే మనిషిని వెతుక్కోవాలి, దారీ బసా మిగతా స్థలాలూ ఆ రెండింటి వెనుక రావాలి.

అరకు అన్న మాటను ఇక్కడ ఒక్క ఊరి పేరుగా వాడడం లేదు. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో అనంతగిరి, అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి మండలాల పొడవునా పరచుకున్న కొండలన్నీ కాఫీ కొండలే. ఎక్కువ భాగం సముద్ర మట్టానికి 900 మీటర్లకు అటూ ఇటూ ఉంటాయి కనుక చల్లదనాన్ని కోరే అరబికా రకం ఇక్కడ బాగా పండుతుంది. ఈ ప్రాంతపు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అయితే ప్రయాణికుడికి అన్నింటికన్నా పనికివచ్చే సంగతి వేరే ఉంది. చిక్కమగళూరులోనో కొడగులోనో లాగా గేటు, బోర్డు, టికెట్టు ఉన్న పెద్ద ఎస్టేట్లు ఇక్కడ దాదాపు లేవు. అటవీ అభివృద్ధి సంస్థ తోటలు కొన్నింటిని మినహాయిస్తే, మిగిలినవన్నీ పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా ఐటీడీఏ (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ), కాఫీ బోర్డు గిరిజన కుటుంబాల చేత ఎకరం, రెండెకరాల చొప్పున వేయించిన తోటలు. అంటే మీరు చూడబోయేది ఒకరి పెరడు. పిలుపు లేకుండా పెరట్లోకి వెళ్లం కదా. ప్రయాణం వేసుకునే పద్ధతి మొత్తం ఈ ఒక్క సంగతి మీద ఆధారపడి ఉంటుంది.

మొదటి అడుగు: చెట్టును బట్టి తేదీ

అరబికా చెట్టుకు ఏడాదిలో మూడు దశలు చూడదగినవి. మొదటిది పూత. శీతకాలం చివర మొగ్గ కట్టి, ఎండకు ఓర్చుకుని కూర్చున్న కొమ్మలు మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే మొదటి గట్టి వానకు మేలుకుంటాయి. వాన పడిన ఎనిమిది, పది రోజులకు కొండవాలు మొత్తం ఒకేసారి తెల్లబడుతుంది. మల్లెను తలపించే ఆ వాసన తోట దాటి రోడ్డు మీదికి వస్తుంది. రెండు మూడు రోజుల్లో పూలు వాడి, గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి. కనుక పూత కోసం నెల ముందుగా టికెట్లు తీసుకోవడం వృథా. విశాఖ, విజయనగరం, అనకాపల్లి వంటి దగ్గరి ఊళ్లలో ఉన్నవారికే ఇది సాధ్యం: కొండమీద తెలిసిన వారికి ఫోను చేసి వాన పడిన రోజు కనుక్కుని, వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఎనిమిదో రోజు వేకువనే బయలుదేరాలి. హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో వచ్చేవారు పూత మీద ఆశ పెట్టుకోవద్దు. చైత్రమాసంలోనే ఇటుకల పండుగ కూడా వస్తుంది; ఆ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి వచ్చే పోయే బండ్లను ఆపి పండుగ మామూలు అడుగుతారు. విసుక్కోకుండా చిల్లర దగ్గర పెట్టుకుని వెళ్లడం మర్యాద.

రెండో దశ జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాగే పచ్చికాయ కాలం. నేను కాఫీ చూడాలని మొట్టమొదట వెళ్లింది జులైలో. మంచు, వాన, కొండల పచ్చదనం, ఉరకలెత్తే జలపాతాలు అన్నీ కళ్లనిండా చూశాను గాని, తోటలో దిగి కాఫీ ఎక్కడ ఉంది అని అడిగితే, వెంట వచ్చిన కుర్రవాడు ఆకు ఎత్తి, బఠాణీ గింజంత ఉన్న పచ్చటి కాయలు చూపించి నవ్వాడు. ఆ కాలంలో మరో ఇబ్బంది కూడా ఉంది. భారీ వానలకు కొండచరియలు విరిగి పడితే రైలు మార్గం మూతపడుతుంది, ఘాట్ రోడ్డు మీద చెట్లు అడ్డం పడతాయి. జలపాతాలే ముఖ్యం అనుకునేవారికి సెప్టెంబరు మంచిదే. కాఫీ ముఖ్యమైతే ఆగండి.

మూడోది పండు ఏరే కాలం. ఎత్తును బట్టి, ఆ ఏడాది వానలను బట్టి నవంబరులో మొదలై జనవరి దాకా సాగుతుంది. పండు ఒక్కసారిగా పండదు కనుక ఒకే చెట్టును మూడు నాలుగు విడతలుగా ఏరతారు. ఒక వారం అటూ ఇటూ అయినా ఎక్కడో ఒకచోట కోత జరుగుతూనే ఉంటుంది కనుక దూరం నుంచి వచ్చేవారికి ఇదే సరైన సమయం. నా సలహా ఇంకా కచ్చితంగా చెప్పమంటే, నవంబరు చివరి వారానికీ డిసెంబరు రెండో వారానికీ మధ్య, మంగళవారం ఎక్కి శుక్రవారం దిగేలా వేసుకోండి. అప్పటికి లోయలో వలిసె పూలు పసుపు పరిచి ఉంటాయి, తోటలో పండు ఎర్రబడి ఉంటుంది, శుక్రవారం అరకు సంత చూడవచ్చు. డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా, అందులోనూ శని, ఆదివారాల్లో, కొండమీద గదులు దొరకవు, దొరికినా అద్దెలు చుక్కలను అంటుతాయి. లంబసింగి రోడ్డు మీద సూర్యోదయం చూడాలని బయలుదేరినవారు కార్ల వరుసలో కూర్చుని అద్దంలోంచి చూస్తారు. నవంబరు, డిసెంబరు బంగాళాఖాతంలో వాయుగుండాల కాలం కూడా కనుక రద్దు చేసుకోవడానికి వీలుండే గదులే తీసుకోండి.

రెండో అడుగు: ఎన్ని రోజులు, ఏ వైపు

పొద్దున రైలులో వెళ్లి రాత్రికి తిరిగి రావడం విశాఖలో అలవాటు. ఆ పద్ధతిలో అరకులో చేతికి దక్కేది మూడు నాలుగు గంటలు. కాఫీ కోసం వెళ్లేవారికి కనీసం రెండు రాత్రులు కావాలి, మూడైతే నిదానంగా ఉంటుంది. ఎందుకంటే పండు ఏరడం పగలు, దాని తొక్క తీయడం సాయంత్రం, కడగడం మరుసటి ఉదయం జరుగుతాయి. ఈ మూడింటినీ చూడాలంటే ఒకే ఊళ్లో ఒక రాత్రి గడపక తప్పదు.

కాఫీ కొండలను ప్రయాణ సౌలభ్యం కోసం రెండు భాగాలుగా అనుకోవచ్చు. మొదటిది అనంతగిరి, సుంకరమెట్ట, అరకు, డుంబ్రిగూడల వైపు. ఇక్కడ రైలు ఉంది, హోటళ్లు ఉన్నాయి, బొర్రా గుహలు, పద్మాపురం ఉద్యానవనం, గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, చాపరాయి అన్నీ చేరువలో ఉన్నాయి. పెద్దవారు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఈ వైపే నయం. రెండోది పాడేరు, జి.మాడుగుల, చింతపల్లి, గూడెం కొత్తవీధి వైపు. ఇక్కడ సౌకర్యాలు తక్కువ, ఊరికీ ఊరికీ దూరం ఎక్కువ. కాని తోటలు దట్టంగా ఉంటాయి, రద్దీ వంజంగి కొండ, లంబసింగి అనే రెండు చోట్లకే పరిమితమవుతుంది. కాఫీ ఒక్కటే లక్ష్యమైతే రెండు రాత్రులూ పాడేరు వైపే గడపమంటాను. ఈ మాటను అరకు హోటళ్లవారు ఒప్పుకోరు.

మూడు రాత్రులు ఉన్నవారికి నేను చెప్పే వరుస ఇది. మంగళవారం ఉదయం రైలులో అరకు చేరి, ఆ మధ్యాహ్నం కాఫీ మ్యూజియం, గిరిజన మ్యూజియం చూసి విశ్రాంతి తీసుకోండి. బుధవారం ఉదయమంతా ఒక తోటలో గడిపి, సాయంత్రం అదే ఊళ్లో పండు తొక్క తీసే యంత్రం, అంటే పల్పరు దగ్గర కూర్చుని, గురువారం ఉదయం గింజలు కడగడం చూసి, తీరికగా చాపరాయి మీదుగా పాడేరు వైపు సాగండి. అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. శుక్రవారం వేకువన వంజంగి కొండ ఎక్కి దిగి, మధ్యాహ్నం మాడుగుల ఘాట్ మీదుగా విశాఖ చేరవచ్చు. అరకు సంత కూడా చూడాలనుకుంటే ఈ వరుసను తిప్పి, ముందు పాడేరు ఎక్కి శుక్రవారానికి అరకు చేరి, అక్కడినుంచి రైలులో దిగండి. చింతపల్లి, లంబసింగి కూడా కలపాలంటే మరో రోజు చేర్చుకుని నర్సీపట్నం వైపు దిగాలి. నాలుగు మూలలూ మూడు రోజుల్లో చుట్టేస్తామనుకుంటే మిగిలేది కారు కిటికీ ఒక్కటే.

మూడో అడుగు: కొండ ఎక్కే దారి

ఎక్కేటప్పుడు రైలు, దిగేటప్పుడు రోడ్డు అన్నది నా నియమం. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే ఈ మార్గాన్ని 1960 దశకంలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు ఎగుమతి చేయడానికి వేశారు. ఖనిజం కోసం కొండను తొలిచిన మార్గం కనుక యాభైకి పైగా సొరంగాలు, లెక్కలేనన్ని వంతెనలు తగులుతాయి. శృంగవరపుకోట దాటి శివలింగపురం వచ్చేదాకా మైదానమే. అక్కడినుంచి బండి నెమ్మదించి కొండ అంచునే పైకి పాకుతుంది. బొర్రా గుహల స్టేషను దాటాక వచ్చే శిమిలిగూడ ఒకప్పుడు దేశంలో అత్యంత ఎత్తున ఉన్న బ్రాడ్‌గేజ్ స్టేషనుగా పేరుపొందింది. విశాఖపట్నం–కిరండూల్ పగటి బండి ఉదయం ఏడు గంటల లోపే బయలుదేరి నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. అద్దాల పైకప్పు ఉండే విస్టాడోమ్ పెట్టెలు 2017 నుంచి నడుస్తున్నాయి. వాటికి గిరాకీ ఎక్కువ కనుక రిజర్వేషను తెరిచిన రోజునే తీసుకోవాలి. దొరకకపోతే బాధపడనక్కరలేదు. మామూలు పెట్టెలో తలుపు దగ్గరి సీటులో కూర్చుంటే అద్దం అడ్డం లేకుండా గాలి, తడిమట్టి వాసన తగులుతాయి. తలుపులో మాత్రం నిలబడవద్దు, సొరంగం గోడలు చెయ్యి చాపినంత దూరంలోనే ఉంటాయి.

రోడ్డున వెళ్లేవారికి విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, త్యాడ, అనంతగిరి మీదుగా అరకు సుమారు 115 కిలోమీటర్లు. పాడేరుకైతే చోడవరం, మాడుగుల మీదుగా దాదాపు అంతే దూరం. ఆర్టీసీ బస్సులు రెండింటికీ ఉన్నాయి. రాజమహేంద్రవరం వైపు నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకులను కలుపుతూ విజయనగరం చేరే 516ఇ జాతీయ రహదారి పనులు కొన్నేళ్లుగా సాగుతున్నాయి. కొన్నిచోట్ల రోడ్డు అద్దంలా ఉంటే కొన్నిచోట్ల మట్టి దారే దిక్కు. కనుక ఫోను మ్యాపు చూపించే సమయానికి కనీసం గంట కలుపుకోండి. కారు అద్దెకు తీసుకునేటప్పుడు కిలోమీటరు లెక్కకన్నా రోజు లెక్క మాట్లాడుకోవడం మేలు, ఎందుకంటే కొండమీద తిరిగే దూరం తక్కువ, ఆగి ఉండే సమయం ఎక్కువ. మైదానంలో మాత్రమే నడిపిన డ్రైవరును తీసుకుపోవద్దు. దిగేటప్పుడు గేరు తగ్గించకుండా బ్రేకు మీదే కాలు ఉంచేవాడి వెనుక కూర్చుని ఒకసారి అనంతగిరి ఘాట్ దిగాను. మధ్యలో చక్రాల దగ్గర మాడు వాసన వచ్చి, అరగంట రోడ్డు పక్కన నిలబడవలసి వచ్చింది.

నాలుగో అడుగు: బస, తోట చూపించే మనిషి

ఈ రెండింటినీ ఒకటిగా చేసుకోగలిగితే సగం ప్రయాణం కుదిరినట్టే. పర్యాటక శాఖ అతిథి గృహాలు అరకులో, అనంతగిరిలో, త్యాడలో ఉన్నాయి. ప్రైవేటు హోటళ్లకు కొదవ లేదు. కాని తోటతో సంబంధం ఉన్న బస కావాలంటే గిరిజన కుటుంబాలు నడిపే హోమ్‌స్టేలు వెతకండి. గది చిన్నదై ఉండవచ్చు, వేణ్ణీళ్లు బకెట్టుతో రావచ్చు, కాని ఆ ఇంటికి సొంత తోట ఉంటుంది, లేకుంటే వదినకో బావకో ఉంటుంది. గది మాట్లాడేటప్పుడు ఫోనులోనే మూడు ప్రశ్నలు అడగండి: మీకు కాఫీ తోట ఉందా, మేం వచ్చే వారంలో కోత ఉంటుందా, పల్పరు మీ ఊళ్లోనే ఉందా. మూడోదానికి అవునని జవాబు వస్తే మరో ఆలోచన లేకుండా ఖాయం చేసుకోండి.

తోట చూపించే రైతుకు కోత రోజుల్లో సగం పూట అంటే నష్టమే. కనుక ముందే మాట్లాడుకుని ఆ పూట కూలికి తగ్గకుండా ఇవ్వండి, వీలైతే ఆయన దగ్గరే మిరియాలో పసుపో కొనండి. అడగకుండా ఫొటోలు తీయడం, పిల్లలకు చాక్లెట్లు పంచి చుట్టూ గుంపు చేర్చుకోవడం వద్దు. థింసా నృత్యాన్ని హోటలు పెరట్లో గంట లెక్కన ఆడిస్తారు. చూడవచ్చు, డబ్బు ఆడినవాళ్ల చేతికే ఇవ్వండి. మీకు తెలుగు వచ్చు కనుక భాష ఇబ్బంది తక్కువే గాని, అరకు వైపు ఇళ్లలో గిరిజన ఒడియా వినబడుతుంది. పెద్దవయసు వారితో మాట్లాడేటప్పుడు ఇంట్లో చదువుకున్న పిల్లల సాయం తీసుకోవచ్చు.

ప్రయాణంతో నేరుగా సంబంధం లేకపోయినా ఒక మాట చెప్పాలి. ఇది ఐదో షెడ్యూలు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం ప్రత్యేకంగా గుర్తించినది. వాడుకలో వన్ ఆఫ్ సెవెంటీ అనే 1970 నాటి నిబంధన ప్రకారం ఇక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. వ్యూ పాయింట్ దగ్గర ఎవరైనా వచ్చి చక్కటి కాఫీ తోట బిట్టు అమ్మకానికి ఉందని చెబితే టీ తాగి వచ్చేయండి.

ఐదో అడుగు: తోటలో ఏం చూడాలి

మంచు కొంత విడిచాక, ఎనిమిది గంటల ప్రాంతంలో దిగండి. ముందుగా తల ఎత్తి చూడండి. పైన నిటారుగా సిల్వర్ ఓక్, మధ్య మధ్య పనస, మామిడి వంటి పాత చెట్లు. వాటి మొదళ్లను పట్టుకుని పైదాకా పాకిన మిరియాల పాదులు. ఆ నీడలో ఛాతీ ఎత్తున కాఫీ మొక్కలు. కింద చెప్పు మునిగేంత ఆకు. కాఫీ ధర పడిన ఏడాది ఇంటిని నిలబెట్టేది ఆ మిరియాలేనని రైతులు చెబుతారు. ఎండ నేరుగా పడని ఈ తోటలో పండు నెమ్మదిగా పండుతుంది. పూత నుంచి పండుకు దాదాపు ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక కొమ్మ దగ్గరికి రండి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, జంట దగ్గర కణుపు చుట్టూ కాయలు గుత్తిగా అతుక్కుని ఉంటాయి. ఒకే గుత్తిలో ఆకుపచ్చవి, పసుపు తిరిగినవి, ఎర్రవి కలిసి ఉండడం గమనించండి. ఏరేవారి వేళ్లు ఎర్రదాన్ని మాత్రమే మెలిపెట్టి తీస్తాయి, పక్కనున్న పచ్చికాయ కదలదు. గుత్తి మొత్తం దూసేస్తే పని త్వరగా అవుతుంది గాని, పచ్చికాయ కలిసిన కాఫీకి వగరు వస్తుంది, ధర పడిపోతుంది. రైతును అడిగి ఒక పండు నోట్లో వేసుకోండి. తొక్క పళ్ల కింద చిట్లగానే పల్చని తీపి తగులుతుంది, కాఫీ రుచి ఇసుమంతైనా ఉండదు. లోపల చదును వైపులు ఒకదానికొకటి ఆనించుకున్న రెండు గింజలు, వాటి మీద నాలుకకు జారిపోయే జిగురు. ఎప్పుడైనా రెండుకు బదులు గుండ్రటి గింజ ఒక్కటే ఉంటే దాన్ని పీబెర్రీ అంటారు. విడిగా ఏరి అమ్ముతారు.

ఇక్కడొక కఠిన నియమం. పండుగాని, రాలిన కాయగాని జేబులో వేసుకుని మరో తోటకు తీసుకుపోవద్దు. కాయను తొలిచి గింజలో కాపురం పెట్టే బెర్రీ బోరర్ అనే పురుగు 2025లో అరకు ప్రాంతంలో కనబడింది. చీమ తలంత ఉండే ఆ పురుగు ఒక కాయలో కూర్చుని మరో కొండ ఎక్కుతుంది. తోట నుంచి బయటికి వచ్చేటప్పుడు బట్టలు, సంచులు ఒకసారి దులుపుకోండి. తోటలోకి రావద్దని ఎక్కడైనా చెబితే వెనక్కి తిరగండి.

సాయంత్రం పల్పరు దగ్గర కథ మారుతుంది. ఏరిన పండును ఆ రోజే తొక్క తీయాలి, నిలవ ఉంటే పులుస్తుంది. పండును నీళ్లలో పోస్తే తాలు కాయలు పైకి తేలతాయి, వాటిని తీసేస్తారు. చేతి పల్పరు అయితే ఒకరు తిప్పుతుంటే మరొకరు పోస్తారు. ఒక వైపు ఎర్రటి తొక్క కుప్ప పడుతుంది, మరో వైపు జిగురు పట్టిన గింజలు జారుతాయి. ఆ గింజలను తొట్టిలో రాత్రంతా పులియనిస్తారు. తెల్లవారి పిడికెడు తీసి నలిపితే, జారకుండా గులకరాళ్లలా గరగరమంటే జిగురు వదిలినట్టు లెక్క. చలి ఎక్కువైతే మరికొంత సేపు ఆగుతారు. ఆ గరగర చప్పుడు కోసమే మిమ్మల్ని ఆ ఊళ్లో రాత్రి ఉండమన్నది. పిడికెడు మీరూ అడిగి తీసుకుని నలిపి చూడండి. తరువాత నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, వలల మీదో టార్పాలిన్ల మీదో పల్చగా పరిచి, వారం పైగా ఎండబెడతారు. ఈ దశలో గింజ మీద మిగిలే గడ్డి రంగు పొరను బట్టి దీన్ని పార్చ్‌మెంట్ అంటారు. నీటి వసతి లేని చోట పండును తొక్కతో సహా ఎండబెడతారు, అది చెర్రీ. గిరిజన సహకార సంస్థ ఏటా రెండింటికీ వేర్వేరు ధరలు ప్రకటిస్తుంది. ఆరు కిలోల పండుకు వచ్చే పచ్చి గింజ సుమారు కిలో, వేయించాక అందులో ఇంకో ఆరో వంతు దాకా తరుగు. కప్పుకు పది, పన్నెండు గ్రాముల పొడి అనుకుంటే ఒక్కో కప్పు వెనుక దాదాపు 80 గ్రాముల పండు ఉంటుంది. ఏరేవారి బుట్ట చూశాక ఈ లెక్క వేసుకోండి.

ఆరో అడుగు: మిగతా స్థలాలు, తిండి

బొర్రా గుహలకు తెరిచే వేళకే చేరండి. సున్నపురాయి కరిగి ఏర్పడిన ఆ గుహల్లో మెట్లు జారుతాయి, ఉక్కపోస్తుంది, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు మొదటి మంటపం దాకా వెళ్లి ఆగడం మంచిది. చాపరాయి దగ్గర రాతి మీద నీరు జారే చోటు చూడడానికి అమాయకంగా ఉంటుంది గాని నాచు పట్టిన చోట కాలు నిలవదు. వంజంగికి పాడేరు నుంచి తెల్లవారుజామున నాలుగు గంటలకే బయలుదేరాలి, చివర నడక ఉంది. మబ్బులు కాళ్ల కింద పరుచుకుంటే అదృష్టం, లేకపోతే చలి మాత్రం గ్యారంటీ. చింతపల్లి వరకు వెళ్లేవారు అల్లూరి సీతారామరాజు దళం 1922 ఆగస్టు 22న మొదట దాడి చేసింది ఆ ఊరి పోలీసు స్టేషను మీదనే అని గుర్తుంచుకుని ఆగండి.

తిండి విషయంలో బొంగు చికెన్ గురించి అందరూ చెబుతారు. కాల్చాక పగలగొట్టిన బొంగు పచ్చిగా, తడిగా ఉంటేనే సరిగ్గా చేసినట్టు. దానికన్నా ఇంట్లో పెట్టే చోడి (రాగి) అంబలి, సామ అన్నం, కొండ చిక్కుళ్ల కూర అడిగి తినండి. శుక్రవారం అరకు సంతకు తొమ్మిదికల్లా వెళ్తే అల్లం, పసుపు, పిప్పళ్లు, రాజ్‌మా, కొండచీపుర్లు తెచ్చినవాళ్ల దగ్గరే నేరుగా కొనవచ్చు. మధ్యాహ్నానికి మంచి సరుకు టోకు వర్తకులు ఎత్తేస్తారు.

ఏడో అడుగు: కాఫీ కొనడం

రోడ్డు పక్క కొట్లలో విడిగా తూచి ఇచ్చే పొడి ఎప్పుడు వేయించిందో, అందులో చికోరీ ఎంతో తెలియదు. పొట్లం మీద మూడు సంగతులు చూడండి: పూర్తి అరబికానా, చికోరీ శాతం ఎంత, వేయించిన తేదీ ఏది. గిరిజన సహకార సంస్థ దుకాణాలు అరకులోనూ విశాఖలోనూ ఉన్నాయి, అక్కడ మోసం ఉండదు. మన ఇళ్లలో ఫిల్టరు డికాక్షన్‌కు అలవాటు పడ్డ నాలుకకు చికోరీ లేని అరకు కాఫీ మొదట పల్చగా అనిపిస్తుంది. పాలు తగ్గించి, పొడి ఒక చెంచా పెంచి చూడండి, అప్పుడు దాని పండు వాసన తెలుస్తుంది. ఇంట్లో చిన్న మిల్లు ఉంటే వేయించిన గింజలే కొనండి, పొడి కన్నా చాలాకాలం నిలుస్తాయి. ఎంత బాగున్నా నెలకు సరిపడా మించి తీసుకోవద్దు. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి. ఫ్రిజ్‌లో పెడితే తేమతో పాటు కూరల వాసన కూడా పడుతుంది.

ఎనిమిదో అడుగు: సంచి, ఆరోగ్యం, దిగడం

డిసెంబరులో పాడేరు దగ్గరి మినుములూరు కాఫీ బోర్డు వద్ద నమోదైన ఉష్ణోగ్రత అంటూ పత్రికల్లో పది డిగ్రీల లోపు అంకె చూసి విశాఖ వాళ్లు కూడా నమ్మరు. స్వెట్టరు, మఫ్లరు, సాక్సులు తప్పనిసరి; పగలు ఎండ గట్టిగానే ఉంటుంది కనుక ఒకదాని మీద ఒకటి వేసుకునే పల్చని బట్టలు నయం. తోటకు పాత బూట్లు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. ఇది మలేరియా ఉండే ప్రాంతం. దోమల మందు పూసుకోండి, గదిలో దోమతెర అడగండి, తిరిగి వెళ్లాక కొన్ని వారాల్లోగాని, నెలల తరువాతగాని జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లి వచ్చామని డాక్టరుకు ముందే చెప్పండి. మలుపులకు వాంతులయ్యే వారు బయలుదేరే ముందు కడుపు నిండా తినకుండా, మాత్ర అరగంట ముందే వేసుకోవాలి. ఊరు దాటితే సిగ్నలు ఉండదు కనుక ఫోను చెల్లింపులను నమ్ముకోకుండా చిన్న నోట్లు పెట్టుకోండి. పెట్రోలు అరకులో, పాడేరులో, చింతపల్లిలో నింపుకోండి, మధ్యలో దొరుకుతుందని అనుకోవద్దు.

దిగే రోజు మధ్యాహ్నం రెండింటికల్లా పాడేరు వదలాలి, పొగమంచు కమ్మక ముందే ఘాట్ దాటాలి. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం డిక్కీ తెరిపించి చూస్తారు. సహకరిస్తే ఐదు నిమిషాల పని. దారిలో ముక్కూ మొహం తెలియనివారు ఇచ్చే పొట్లం మాత్రం, మీ ఊళ్లో మా వాళ్లకు ఇవ్వండి అని ఎంత బతిమాలినా కారులో పెట్టుకోవద్దు. గరికబంద దగ్గర మలుపులు ముగిసి, చెవుల దిబ్బడ వదిలేసరికి మాడుగుల వస్తుంది. అక్కడి హల్వా కొనకుండా ఎవరూ రారు. కొన్నాక ఆ పొట్లాన్ని కాఫీ ఉన్న సంచిలో మాత్రం పెట్టకండి, ఇల్లు చేరేలోపు పొడికి నెయ్యి వాసన పట్టేస్తుంది.